ఎం83లో ఆరు పేలుళ్లు: సిరొంచ అక్షాంశం నుంచి ఒక లెక్క

రోళ్లు పగులుతాయనే రోహిణి కార్తెలో, రాత్రి 9 గంటల ప్రాంతానికి చిత్త నక్షత్రం, మహారాష్ట్రలో గడ్చిరోలి జిల్లాలోని సిరొంచ నుంచి చూస్తే దక్షిణాన, దిగంతానికీ నడినెత్తికీ మధ్య మూడింట రెండు వంతుల ఎత్తున ఉంటుంది. చెయ్యి చాపి చిత్త నుంచి జానెడు కిందికి, కాస్త తూర్పుకి కొలిస్తే ఒక ఖాళీ చోటు వస్తుంది. మామూలు కంటికి అక్కడ ఏమీ కనపడదు. మంచి బైనాక్యులర్‌తో చూస్తే చిన్న మసక మచ్చ ఉంటుంది. ఆరంగుళాల టెలిస్కోపులో అదే మచ్చ నడుమ ముద్దగా, చుట్టూ పలచగా పరుచుకున్న వెలుగులా కనిపిస్తుంది. దాని పేరు ఎం83. కోటిన్నర కాంతి సంవత్సరాల దూరంలో ఉన్న గెలాక్సీ అది. అడ్డంగా కొలిస్తే 50 వేల కాంతి సంవత్సరాల పైమాటే. మన వైపు దాదాపు ముఖం తిప్పి ఉండటం వల్ల దాని సర్పిల చేతులు, వాటిని కలుపుతూ నడుమ అడ్డంగా ఉన్న నక్షత్రాల కడ్డీ పెద్ద టెలిస్కోపు ఫొటోల్లో చక్కగా విడివిడిగా కనిపిస్తాయి.

1923 నుంచి 1983 దాకా ఈ ఒక్క గెలాక్సీలోనే ఆరు సూపర్నోవాలు, అంటే నక్షత్రాలు పేలిపోతూ విపరీతంగా వెలిగిన ఘటనలు, నమోదయ్యాయి. మన పాలపుంతలో 1604 తర్వాత మామూలు కంటికి బాగా కనిపించిన సూపర్నోవా ఒక్కటీ లేదు. ఈ తేడాకి మామూలుగా చెప్పే కారణం ఒకటుంది. ఎం83లో కొత్త నక్షత్రాలు జోరుగా పుడుతున్నాయి, కాబట్టి జోరుగా చస్తున్నాయి అంటారు. అది నిజమే, కానీ సగం నిజం. ఆరు అనే అంకెలో గెలాక్సీ స్వభావం ఎంత ఉందో, దాన్ని ఎవరు చూశారు, ఏ అక్షాంశం నుంచి చూశారు, ఏ నెలలో చూశారు అన్నదీ అంతే ఉంది. గడ్చిరోలి, చంద్రపూర్ జిల్లాల్లోని తెలుగువాళ్లకి ఈ రెండో సగం మరీ దగ్గరి విషయం. ఎందుకో ముందుకెళ్తే తెలుస్తుంది.

ముందుగా ఆ కడ్డీ సంగతి. సర్పిల గెలాక్సీల్లో మూడింట రెండు వంతుల వాటికి నడుమ ఇలాంటి కడ్డీ ఉంటుంది. మన పాలపుంతకీ ఉంది. ఇది గట్టి వస్తువు కాదు. కేంద్రం చుట్టూ తిరిగే నక్షత్రాల కక్ష్యలు సాగిపోయి ఒకే దిక్కుకి వరస కట్టడంతో ఏర్పడిన ఆకారం. ఆ ఆకారం మొత్తం తనదైన వేగంతో తిరుగుతూ ఉంటుంది. నక్షత్రాలు ఒకదానికొకటి తగలకుండా తిరుగుతాయి కాబట్టి వాటికి ఇబ్బంది లేదు. వాయువు అలా కాదు. కడ్డీలోకి వచ్చిన వాయు మేఘాలు ఒకదాన్నొకటి గుద్దుకుంటాయి, కడ్డీ ముందు అంచు వెంట నొక్కుకుపోతాయి, భ్రమణంలో కొంత పోగొట్టుకుని కేంద్రం వైపు జారతాయి. ఎం83 ఫొటోల్లో కడ్డీ పొడవునా కనిపించే నల్లటి ధూళి చారలు ఆ జారుడు దారులే. ఆ వాయువంతా చివరికి కేంద్రం చుట్టూ వెయ్యి కాంతి సంవత్సరాల లోపు చోట పోగై, అక్కడ నక్షత్రాల పుట్టుక ఒక్కసారిగా పెరుగుతుంది.

అలా పుట్టేవాటిలో ఎక్కువ భాగం సూర్యుడంతవో అంతకన్నా చిన్నవో. వాటి ఆయుష్షు వందల కోట్ల ఏళ్లు. సూర్యుడికి ఎనిమిది రెట్లు దాటినవి మాత్రం ఇంధనాన్ని గబగబా తినేసి, మూడు నాలుగు కోట్ల ఏళ్ల లోపే గర్భం కుప్పకూలి పేలిపోతాయి. అంత తక్కువ కాలంలో పుట్టిన చోటు నుంచి దూరం పోలేవు. అందుకే ఈ రకం సూపర్నోవాలు సర్పిల చేతుల్లో, కేంద్రం దగ్గరి రద్దీలో కనిపిస్తాయి. ఎం83లో రకం తేలిన సూపర్నోవాలన్నీ ఇలా గర్భం కూలినవే. రెండు నక్షత్రాల జంటలో తెల్ల మరుగుజ్జు, అంటే ఇంధనం అయిపోయి కుంచించుకుపోయిన నక్షత్రం, పేలే రకం ఒకటుంది, దాన్ని టైప్ 1ఎ అంటారు. ఈ గెలాక్సీలో అది ఇప్పటిదాకా ఒక్కటీ నిర్ధారణ కాలేదు.

ఇక ఎత్తుల సంగతి. ఎం83 ఆకాశ మధ్యరేఖకి, అంటే భూమధ్యరేఖకి సూటిగా పైన ఆకాశంలో ఊహించుకునే గీతకి, దాదాపు 30 డిగ్రీలు దక్షిణంగా ఉంది. ప్యారిస్ నుంచి చూస్తే అది ఎంత పైకి వచ్చినా 11 డిగ్రీలు దాటదు. ఇళ్ల కప్పుల మీద పొగ, దుమ్ము పట్టిన గాలి పొర గుండానే చూడాలి. 1781లో దాన్ని తన జాబితాలోకి ఎక్కించిన షార్ల్ మెస్సియే, చాలా కష్టపడితే గానీ కనపడలేదని రాసుకోవడంలో ఆశ్చర్యం లేదు. అంతకు 29 ఏళ్ల ముందే, 1752 ఫిబ్రవరిలో, మరో ఫ్రెంచి ఖగోళవేత్త నికొలా లూయీ ద లకాయ్ దాన్ని దక్షిణాఫ్రికాలోని గుడ్‌హోప్ అగ్రం నుంచి అరంగుళం అద్దమున్న చిన్న దుర్బిణీతో పట్టేశాడు. మెస్సియే పనితనం తక్కువేమీ కాదు. లకాయ్‌కి ఆ గెలాక్సీ దాదాపు నడినెత్తిన ఉంది, అంతే తేడా.

సిరొంచ 18.85 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. అక్కడ ఎం83 41 డిగ్రీల ఎత్తుకి వస్తుంది. ఒడిశా సరిహద్దులో తెలుగువాళ్లు ఉండే పర్లాకిమిడి కూడా దాదాపు ఇదే అక్షాంశం, కాబట్టి అక్కడా ఇదే ఎత్తు. అమెరికా నైరుతిలో ఉన్న లోవెల్ అబ్జర్వేటరీకి అది 25 డిగ్రీలు, దక్షిణాఫ్రికాలోని ప్రిటోరియాకి 86 డిగ్రీలు. ఈ నాలుగైదు అంకెలు పక్కన పెట్టుకుని ఆరు సూపర్నోవాల చరిత్ర చదివితే అది వేరేగా అర్థమవుతుంది.

మొదటిది 1923 మేలో దొరికింది. లోవెల్‌లో పనిచేసిన కార్ల్ లాంప్‌ల్యాండ్ తీసిన ఫొటోలో 14వ మాగ్నిట్యూడ్ చుక్కగా కనిపించింది. మాగ్నిట్యూడ్ అంకె పెరిగే కొద్దీ చుక్క మసకబారుతుంది. మామూలు కంటికి 6 దాకానే కనిపిస్తుంది, కాబట్టి 14 అంటే చాలా మసక. గర్భం కూలే రకం పేలుడు ఎం83 దూరంలో ధూళి అడ్డం లేకుండా జరిగితే 11 దగ్గర వెలగాలి. అంటే లాంప్‌ల్యాండ్‌కి చిక్కింది అప్పటికే చల్లారుతున్న వెలుగో, ధూళి చాటున ఉన్న వెలుగో అయ్యుండాలి.

రెండోది 1945 జులై నాటిది. కానీ 1945లో ఎవరూ దాన్ని గమనించలేదు. పాత ఫొటో ప్లేట్లను తిరగేస్తున్న విలియం లిల్లర్ కంట పడేసరికి 1990 వచ్చింది. 45 ఏళ్లు ఆ చుక్క గాజు పలక మీద అలాగే ఉండిపోయింది. పేలుడు రకం తేలాలంటే దాని వెలుగుని రంగులుగా విడదీసి వర్ణపటం తీయాలి. అప్పటికి వర్ణపటం తీయడానికి అక్కడ ఏముంది? అది ఏ రకం పేలుడో నేటికీ తేలలేదు.

మూడోది 1950 మార్చిలో గియెర్మో హారోకి దొరికింది. ఈయన మెక్సికోలోని టొనాంట్సింట్లా అబ్జర్వేటరీ మనిషి. ఆ అబ్జర్వేటరీ అక్షాంశం 19 డిగ్రీల ఉత్తరం. అంటే సిరొంచతో దాదాపు సమానం. హారోకి మార్చి అర్ధరాత్రి దాటాక ఆకాశం ఎలా కనిపించిందో, అహేరిలోనో సిరొంచలోనో అదే వేళకి మేలుకున్నవాళ్లకీ అలాగే కనిపిస్తుంది. అదే చిత్త, దాని పక్కన అదే హస్త, అదే 41 డిగ్రీల ఎత్తు. ఈ అక్షాంశం నుంచి ఎం83లో సూపర్నోవాని పట్టవచ్చా అనే ప్రశ్నకి 1950లోనే జవాబు వచ్చేసింది. తేడా అల్లా అక్కడ ఆకాశంలో పెద్ద ముక్కని ఒకేసారి ఫొటో తీసే ష్మిట్ కెమెరా ఉంది, రోజూ ఫొటోలు తీసే అలవాటు ఉంది.

నాలుగోది 1957 డిసెంబరులో హెచ్.ఎస్. గేట్స్ కనుక్కున్నది. కనుక్కున్నప్పుడు 15వ మాగ్నిట్యూడ్ దగ్గర ఉంది. దాని అసలు కథ తర్వాత మొదలైంది. పేలిన మూడు దశాబ్దాలకి అదే చోట దాని శేషం, అంటే పేలుడులో విసిరేసిన పదార్థం, మామూలు కాంతిలో మళ్లీ దొరికింది. పేలుడు వెలుగు చల్లారాక ఇన్నేళ్లకి శేషం దొరకడం చాలా అరుదు. 2012లో వెలువడిన మరో ఫలితం ఇంకా ఆసక్తికరం. చంద్రా ఎక్స్-రే అబ్జర్వేటరీ ఎం83 వైపే మొత్తం ఎనిమిది రోజులకు పైగా కన్నేసి ఉంచితే, ఆ చోటు నుంచి ఎక్స్-రేలు వస్తున్నట్టు తేలింది. ఆ ఎక్స్-రేల తీరు చూస్తే లోపల కూలిపోయిన గర్భం మిగిల్చిన, వేగంగా తిరిగే న్యూట్రాన్ నక్షత్రం, అంటే పల్సర్, ఉండొచ్చని శాస్త్రవేత్తలు భావించారు. పేలి 55 ఏళ్లే అయిన పల్సర్ అన్నమాట.

ఐదోది 1968 జులైలో. ప్రిటోరియాలో జాక్ బెనెట్ అనే ఔత్సాహికుడు ఐదంగుళాల దుర్బిణీతో తోకచుక్కల కోసం వెతుకుతూ ఎం83 కేంద్రం దగ్గర ఉండకూడని చుక్క ఉందని గుర్తించాడు. ఫొటో కాదు, కంటితోనే చూశాడు. గెలాక్సీ కేంద్రం దగ్గర ఇలా గుర్తించడం ఎంత కష్టమో టెలిస్కోపు వాడినవాళ్లకి తెలుసు. అక్కడ వెలుగు ముద్దగా ఉంటుంది, కొత్త చుక్క అందులో కలిసిపోతుంది. ఫొటో ప్లేట్ల మీదైతే ఆ భాగం మొత్తం మాడిపోయినట్టు ఏకమొత్తంగా కనిపిస్తుంది. ఆ రోజు ప్లేటు కన్నా బెనెట్ కన్నే మేలైంది.

ఆరోది 1983 జులై 3న. ఆస్ట్రేలియాలో చర్చి పాస్టర్‌గా పనిచేసిన రాబర్ట్ ఎవాన్స్ దాన్ని చూశాడు. ఈయన వందల గెలాక్సీల రూపాలు, వాటి చుట్టూ ఉండే చుక్కల అమరిక మనసులో పెట్టుకుని, టెలిస్కోపు ఒకదాని మీంచి ఒకదానికి తిప్పుకుంటూ పోయేవాడు. కొత్తగా ఏదైనా ఉంటే చూడగానే పట్టేసేవాడు. జీవితకాలంలో ఇలా కంటితో 40కి పైగా సూపర్నోవాలు కనుక్కున్నాడు. ఎం83లో దొరికినది ఇంకా వెలుగు పెరుగుతున్న దశలోనే ఉండటంతో పెద్ద అబ్జర్వేటరీలకి తయారవడానికి టైమ్ దొరికింది. వెలుగు శిఖరానికి చేరకముందే న్యూ మెక్సికోలోని వెరీ లార్జ్ అరే అనే రేడియో టెలిస్కోపుల సముదాయం దాన్ని రేడియో తరంగాల్లో పట్టింది. వర్ణపటంలో హైడ్రోజన్ లేదు. అలాగని టైప్ 1ఎకి ఉండాల్సిన సిలికాన్ గుర్తూ లేదు. దీన్నీ, మరుసటి ఏడాది ఇంకో గెలాక్సీలో దొరికిన ఇలాంటిదాన్నీ కలిపి టైప్ 1బి అనే కొత్త తరగతి ఏర్పరిచారు. పై హైడ్రోజన్ పొరని ముందే పోగొట్టుకున్న భారీ నక్షత్రం గర్భం కూలడం వల్ల ఇది జరుగుతుంది. పక్కనున్న జంట నక్షత్రం ఆ పొరని లాగేసుకోవడం ఒక కారణం కావచ్చు. ఒక పాస్టర్ కన్ను రెండు వారాలు ముందు పడకపోతే ఈ తరగతి అర్థం కావడానికి ఇంకెన్నాళ్లు పట్టేదో!

ఈ ఆరింటి నెలలు ఒకసారి చూడండి: మే, జులై, మార్చి, డిసెంబరు, జులై, జులై. సగం జులైవే. నక్షత్రాలకి జులై అంటే ప్రేమేమీ ఉండదు. దక్షిణార్ధ గోళంలో జులై అంటే చలికాలం, రాత్రులు పొడుగు, పొద్దు గుంకేసరికి ఎం83 నెత్తి మీద ఉంటుంది. ఇక చిత్త, స్వాతి కార్తెల్లో సూర్యుడు ఆ దిక్కుకే వస్తాడు. ఆ రోజుల్లో ఏది పేలినా భూమి మీద ఎవరికీ కనపడదు. ఎం83 జాబితాలో అక్టోబరు, నవంబరు పేలుడు ఒక్కటీ లేకపోవడానికి కారణం ఇదే.

గ్రామ పంచాయతీ మరణాల రిజిస్టర్‌లో ఎక్కినవాళ్ల సంఖ్యే ఊళ్లో చనిపోయినవాళ్ల సంఖ్య అనుకుంటే ఎంత పొరపాటో, ఆరు అన్నదే ఎం83లో పేలిన నక్షత్రాల సంఖ్య అనుకోవడమూ అంతే. రిజిస్టర్‌లో ఎక్కని మరణానికి రుజువు కూడా దొరికింది. 2015లో విలియం బ్లెయిర్ బృందం, చిలీలోని జెమినీ సౌత్ టెలిస్కోపుతో ఎం83లోని సూపర్నోవా శేషాలను ఒక్కొక్కటిగా పరీక్షిస్తుండగా ఒకటి తేడాగా కనిపించింది. బి12-174ఎ అని దాని పేరు. దాని వర్ణపటంలో గీతలు బాగా వెడల్పుగా ఉన్నాయి, అంటే అక్కడి పదార్థం ఇంకా విపరీతమైన వేగంతో విసురుకుపోతోంది. వేల ఏళ్ల నాటి శేషాల్లో అలా ఉండదు. పేలి కొన్ని దశాబ్దాలే అయిన వాటిలోనే ఉంటుంది. చుట్టుపక్కల నక్షత్రాల వయసును బట్టి పేలిన నక్షత్రం సూర్యుడికి కనీసం 17 రెట్లు ఉండాలని లెక్కగట్టారు. 1983లో తీసిన రేడియో చిత్రంలో అది అప్పటికే ఉంది. కాబట్టి పేలుడు వెలుగు 1983కి ముందే, బహుశా 20వ శతాబ్దంలోనే, భూమిని చేరి వెళ్లిపోయింది. ఆ రాత్రుల్లో అటువైపు ఎవరూ చూడలేదు. ఏ మూలనో ఉన్న పాత ఫొటో ప్లేటు మీద ఆ చుక్క పడి ఉండే అవకాశం ఉంది కాబట్టి వెతకమని ఆ బృందమే కోరింది. లిల్లర్ 1990లో చేసిన పని లాంటిదే ఇంకోసారి జరగాలి.

ఒక గెలాక్సీలో ఎన్ని పేలుళ్లు జరిగాయో చూడటానికి శేషాలే నమ్మకమైన ఆధారం. వేల ఏళ్ల పాటు నిలిచి ఉంటాయి కాబట్టి ఒక్క రాత్రి చూపు తప్పినా నష్టం లేదు. 2009లో హబుల్ అంతరిక్ష టెలిస్కోపు కొత్త కెమెరాతో ఎం83లో ఒక ముక్కని ఫొటో తీస్తే అందులోనే 60 దాకా శేషాలు బయటపడ్డాయి. ఇప్పుడు గెలాక్సీ మొత్తం మీద అలాంటివి 300కి పైగా లెక్కకొచ్చాయి.

చూపు ఎంత తేడా తెస్తుందో చెప్పడానికి ఎన్‌జీసీ 6946 అనే మరో గెలాక్సీని పక్కన పెట్టి చూడొచ్చు. 1917 నుంచి 2017 దాకా వందేళ్లలో అందులో పది పేలుళ్లు నమోదయ్యాయి. ఎం83 కన్నా అది దూరంలో ఉంది, అయినా నాలుగు ఎక్కువ. అక్కడా నక్షత్రాలు జోరుగా పుడుతున్నాయన్నది ఒక కారణం. ఇంకో కారణం, అది ఉత్తర ఆకాశంలో 60 డిగ్రీల దగ్గర ఉంది. యూరప్, అమెరికాల్లోని పెద్ద అబ్జర్వేటరీలకి ఏడాదంతా ఎప్పుడో ఒకప్పుడు కనిపిస్తూనే ఉంటుంది. ఎం83కి ఆ భాగ్యం లేదు.

1983 తర్వాత ఎం83లో కొత్త సూపర్నోవా నమోదు కాలేదు. నాలుగు దశాబ్దాలు దాటిన ఈ మౌనాన్ని మాత్రం ఎవరూ చూడకపోవడం మీదికి నెట్టేయలేం. ఇప్పుడు యంత్రాలే ప్రతి రాత్రీ ఆకాశాన్ని గాలిస్తున్నాయి, దక్షిణార్ధ గోళం నుంచి కూడా. మరి గెలాక్సీ నిజంగానే మారిందా? లెక్క వేసి చూస్తే అంత తొందర పడనక్కర్లేదనిపిస్తుంది. 60 ఏళ్లలో ఆరు అంటే పదేళ్లకొకటి, ఆ వేగంతో 40 ఏళ్లలో ఒక్కటీ రాకపోవడానికి అవకాశం వందలో రెండే. కానీ మొదటి పేలుడు నుంచి చివరి పేలుడు దాకా మాత్రమే కొలవడమంటే కలిసొచ్చిన ముక్కని కోసి తీసుకోవడమే. 1923 నుంచి మొత్తం వందేళ్లకి ఆరు అని తీసుకుంటే 40 ఏళ్లకి రెండు మూడు రావాలి. ఏదీ రాకపోవడానికి అవకాశం వందలో తొమ్మిది. అరుదే గానీ, నమ్మలేనిదేమీ కాదు. పైగా కేంద్రం దగ్గర ధూళి మందంగా ఉంది. అక్కడ జరిగే కొన్ని పేలుళ్లు మామూలు కాంతిలో బయటికే రాకపోవచ్చు. పాలపుంతలోనే ఇందుకు ఉదాహరణ ఉంది. మన కేంద్రం దగ్గర 19వ శతాబ్దం చివర వెలుగు చేరి ఉండాల్సిన ఒక సూపర్నోవాని ధూళి పూర్తిగా కప్పేసింది. దాని శేషం ఎంత చిన్న వయసుదో రేడియో, ఎక్స్-రే చిత్రాలు పోల్చి 2008లో గానీ ప్రకటించలేకపోయారు.

ఆరో పేలుడు దగ్గరికి మళ్లీ రావాలి, ఎందుకంటే గడ్చిరోలి జిల్లాకి సూటిగా తగిలే సంగతి అందులోనే ఉంది. 1983 నాటి పేలుడు చల్లారాక పరారుణ కాంతిలో చూస్తే ఇనుము గీత బలంగా కనిపించింది. ఆ ఇనుము సూర్యుడి బరువులో దాదాపు 0.3 వంతు ఉంటుందని 1986లో ప్రచురించిన పరిశీలనలో అంచనా వేశారు. అంటే లక్ష భూములంత బరువు. భూమి బరువులో మూడో వంతు దాకా ఇనుమే కాబట్టి, ఆ ఒక్క పేలుడు మూడు లక్షల భూములకి సరిపడా ఇనుము విసిరిందన్నమాట. అది మొదట ఇనుముగా పుట్టదు. పేలుడు వేడిలో నికెల్-56 తయారవుతుంది. ఆరు రోజుల్లో అందులో సగం కోబాల్ట్-56గా మారుతుంది, 77 రోజులకోసారి ఆ కోబాల్ట్‌లో సగం ఇనుముగా మారుతుంది. ఈ మార్పుల్లో వెలువడే శక్తే సూపర్నోవాని నెలల తరబడి వెలిగిస్తుంది. టెలిస్కోపులో రోజురోజుకీ చల్లారుతూ కనిపించే ఆ చుక్క నిజానికి ఇనుము తయారవుతున్న వెలుగు.

ఎటపల్లి తాలూకాలో సూర్జాగఢ్ కొండల్లో తవ్వుతున్న ఇనుప ఖనిజానికీ మూలం ఇలాంటి పేలుళ్లే. సూర్యుడు, భూమి పుట్టకముందు, అంటే 460 కోట్ల ఏళ్లకి ముందు, మన పాలపుంతలో పేలిన నక్షత్రాలు విసిరిన ఇనుము అది. గర్భం కూలినవి కొంత ఇచ్చాయి, టైప్ 1ఎ పేలుళ్లు పెద్ద వాటా ఇచ్చాయి. ఆ కొండల మీద ఎవరి హక్కు ఎంత, తవ్వకం వల్ల అడవికేం అవుతుందనే గొడవ వేరు, అది ఇక్కడ తేలేది కాదు. కానీ ఆ రోడ్డు మీద లారీల్లో పోయే ఎర్ర మట్టికీ, చిత్తకి జానెడు కింద ఉన్న మసక మచ్చకీ మధ్య ఉన్న చుట్టరికం జిల్లాలోని బడి పిల్లలకి చెప్పదగ్గ సంగతి. వాళ్లలో తెలుగు ఇళ్ల పిల్లలు ఇంట్లో తెలుగు మాట్లాడి బడిలో మరాఠీలో చదువుకుంటారు. ఇది ఏదో ఒక భాషలో వాళ్ల చెవిన పడాలి.

కాలం గురించి కూడా ఒక మాట. సిరొంచ తాలూకాలోని కోట గ్రామం పేరుతోనే భూగర్భ శాస్త్రవేత్తలు పిలిచే శిలాస్తరం ఉంది. అందులో డైనోసార్ల ఎముకలు, రాయిగా మారిన చెట్లు దొరికాయి. వడదంలో ఫాసిల్ పార్కు ఉన్నదీ ఈ తాలూకాలోనే. ఆ రాళ్లు జురాసిక్ కాలానివి, 15 కోట్ల ఏళ్లు దాటినవి. వాటి పక్కన ఎం83 వెలుగు వయసు కోటిన్నర ఏళ్లంటే కొత్తగానే లెక్క. కానీ భారీ నక్షత్రాల ఆయుష్షుతో పోలిస్తే కోటిన్నర పెద్ద కాలం. సూర్యుడికి 15 రెట్లుండే నక్షత్రం మొత్తం బతికేదే కోటీ ఇరవై, ముప్పై లక్షల ఏళ్లు. కాబట్టి ఎం83లో ఈ రోజు పసివాటిగా కనిపిస్తున్న అంతటి నక్షత్రాలన్నీ ఈపాటికే పేలిపోయి ఉంటాయి. వాటి చావు వెలుగు దారిలో ఉంది. రాబోయే తరాలు చూడబోయే సూపర్నోవాలన్నీ జరిగిపోయినవే, భూమికి చేరడమే మిగిలింది. తర్వాతిది రేపే రావచ్చు, ఇంకో ముప్పై ఏళ్లు పట్టవచ్చు.

వచ్చినప్పుడు పట్టేదెవరు? చిలీలో కొత్తగా పని మొదలుపెట్టిన వెరా రూబిన్ అబ్జర్వేటరీకి ఎం83 దాదాపు నడినెత్తి మీదుగా పోతుంది. కానీ దాని అద్దం ఎనిమిది మీటర్లకి పైనే. దూరపు మసక పేలుళ్ల కోసం కట్టిన ఆ కెమెరాకి 11, 12 మాగ్నిట్యూడ్ వెలుగు మరీ ఎక్కువ, చుక్క మాడిపోయినట్టు పడుతుంది. దగ్గరి గెలాక్సీల్లో ప్రకాశవంతమైన పేలుళ్లకి చిన్న టెలిస్కోపులే అనువు. గర్భం కూలే రకం ఎం83లో 11 దగ్గర వెలుగుతుంది, టైప్ 1ఎ ఒకవేళ జరిగితే 9 దాకా వస్తుంది. బెనెట్ వాడిన ఐదంగుళాల దుర్బిణీకి రెండూ అందుతాయి. ఈమధ్య వచ్చిన, ఫోన్‌తో నడిచే స్మార్ట్ టెలిస్కోపులైతే కొన్ని నిమిషాల ఫొటోతో 14 దాకా దిగుతాయి.

గడ్చిరోలి దక్షిణ భాగంలో పెద్ద పట్టణాలు లేవు, చుట్టూ అడవి. ఊళ్లోని వీధి దీపాలకి దూరంగా పోతే ఆకాశం నల్లగా ఉంటుంది. చంద్రపూర్, బల్లార్‌పూర్ వైపు బొగ్గు గనులు, థర్మల్ విద్యుత్ కేంద్రం, పరిశ్రమల వెలుతురు, పొగ వల్ల పరిస్థితి అంత బాగుండదు. కాలం విషయానికొస్తే, ఎం83 ఈ ప్రాంతానికి డిసెంబరు చివర్లో తెల్లవారుజామున 5 గంటలకి 30 డిగ్రీల దాకా లేస్తుంది. మార్చి మధ్యలో రాత్రి 2 గంటలకి, మే మొదట్లో 11 దాటాక, జూన్ మొదట్లో 9 దాటాక సరిగ్గా దక్షిణాన తన గరిష్ఠ ఎత్తుకి వస్తుంది. జులైలో పొద్దు గుంకగానే ఇంకా మంచి ఎత్తులోనే ఉంటుంది గానీ, మృగశిర కార్తెతో మొదలైన మబ్బులు చూడనివ్వవు. గతంలోని ఆరింటిని ఈ అమరికలో పెట్టి చూస్తే 1923 మే, 1950 మార్చి, 1957 డిసెంబరు పేలుళ్లు ఇక్కడి నుంచి చూడగలిగే కాలంలోనే వచ్చాయి. మూడు జులై పేలుళ్లు మబ్బుల్లో పోయేవి.

అయితే జులై పేలుళ్ల విషయంలోనూ ఈ ప్రాంతపు ఫొటోకి విలువ ఉంటుంది. సూపర్నోవా దొరికాక శాస్త్రవేత్తలు వెతికే మొదటి సమాచారం, అంతకు ముందు ఆ చోటు ఖాళీగా ఉన్నట్టు చూపే ఆఖరి ఫొటో ఏ తేదీది అన్నదే. పేలుడు సరిగ్గా ఎప్పుడు మొదలైందో దాన్ని బట్టే బిగుస్తుంది. నక్షత్రం ఎంత పెద్దదో, పై పొర ఎంత మందమో ఆ తేదీ మీదే ఆధారపడుతుంది. ఎవాన్స్ లాంటివాళ్లకి ఆస్ట్రేలియాలో జులై మొదటి వారంలో చుక్క కనిపిస్తే, మబ్బులు కమ్ముకునే ముందు జూన్ మొదటి వారంలో సిరొంచలో తీసి, తేదీ, టైమ్ రాసి దాచిన ఫొటో ఆ ఖాళీ చోటుకి సాక్ష్యమవుతుంది. అంతర్జాతీయ ఖగోళ సంఘం తరఫున నడిచే ట్రాన్సియెంట్ నేమ్ సర్వర్‌లో కొత్త చుక్క వివరాలు నమోదు చేసేటప్పుడు, ముందు ఏ రోజు దాకా ఏమీ కనపడలేదో, ఎంత మసక చుక్క దాకా చూడగలిగారో రాయడానికి ప్రత్యేకంగా గడులు ఉంటాయి.